పెద్దలు వద్దంటారు, అయినా చేయండి

ఇక్కడ చెప్పే సలహాల్లో ఒక్కటి కూడా ఇంటి పెద్దలు మెచ్చేది కాదు. నలుగురితో నారాయణా అనుకుంటూ బతికినవాళ్లకు ఇవి కొరివితో తల గోక్కోవడంలా కనిపిస్తాయి. వాళ్లు చెప్పే బుద్ధులన్నీ ఒకే దారి పడతాయి: అడిగింది ఇచ్చేసి రా, ఎదురు మాట్లాడకు, మనకెందుకొచ్చిన గొడవ, ఫోన్‌లో ఆడుకుంటే ఆడుకో గానీ అందులో ఏమీ వాగకు. ఆ మాటల వెనక ప్రేమ ఉందని నాకు తెలుసు. ఆ ప్రేమ చూపే దారి మాత్రం పిల్లల్ని ఇరుకు సందులోకి తీసుకెళ్తోందని నా గట్టి నమ్మకం.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ఢిల్లీలో పత్రికాఫీసులుండే బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు తీసేశారు. మర్నాడు పేపరు రాకుండా చేయాలంటే ఆ రోజుల్లో అంత పని పెట్టుకోవాలి. ఇప్పుడు జనం చూసేది, మాట్లాడేది, ఆడేది, కొనేది అంతా అరచేతిలోని ఒక్క అద్దం గుండా పోతోంది. దాన్ని మూయాలంటే ఒక్క ఉత్తర్వు చాలు. అంతకన్నా నన్ను భయపెట్టేది, మూసినా నోరెత్తని అలవాటు మనకు ముందే అయిపోవడం. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్‌ను చదవకుండా నొక్కేస్తాం. ముఖం చూపమంటే చూపిస్తాం. ఆధార్ అన్న మాట వినపడగానే పర్సు తీస్తాం. లోబడటం రోజూ అక్కడే సాధన చేస్తున్నాం కాబట్టి, లోబడకపోవడం కూడా అక్కడే సాధన చేయాలి. చట్టం దాటకుండానే.

దాచడానికేమీ లేకపోయినా దాచండి

2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని టైపు చేసి వెతికిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. చూసి ఎక్కువమంది అన్న మాట కూడా గుర్తుండే ఉంటుంది: తప్పు చేయనివాడికి భయమెందుకు?

ఫోన్ చేతికిచ్చినవాడు తన ఒక్కడి గుట్టే ఇస్తున్నాననుకుంటాడు. అందులో అమ్మ స్కానింగ్ రిపోర్టు ఉంటుంది. మొగుడితో పడలేక అర్ధరాత్రి అక్క పెట్టిన మెసేజ్ ఉంటుంది. అప్పు తీర్చలేక గడువు అడిగిన స్నేహితుడి వాయిస్ నోట్ ఉంటుంది. వీళ్లలో ఎవరూ నడిరోడ్డు మీద తమ మాటలు చదవడానికి ఒప్పుకోలేదు. కాబట్టి దాచేది మన తప్పును కాదు, మనల్ని నమ్మినవాళ్ల మాటను.

అదే ఊళ్లో అదే ఏడాది, లాక్‌డౌన్ రోజుల్లో, ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి మాస్కు తీయమని ట్యాబ్‌తో ఫోటో తీశారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాస్తారు, ఎవరితో పోలుస్తారు అని ఆయన అడిగాడు. జవాబు దొరకక హైకోర్టుకెక్కాడు. 2022 జనవరిలో హైకోర్టు తెలంగాణ ప్రభుత్వానికి నోటీసిచ్చింది. ఇంట్లోవాళ్లు ఆయనకు ‘ఒక ఫోటోయే కదా’ అని చెప్పి ఉంటే, ఆయన విని ఉంటే, ముఖాలు పోల్చే యంత్రం ఏ చట్టం కింద నడుస్తోందన్న ప్రశ్న కోర్టు గడప తొక్కేది కాదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు. ఆ కేసు వేసిన కె.ఎస్.పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన మనిషి. పిటిషన్ వేసేనాటికి ఎనభై దాటాయి. ఆ వయసులో ఆయన దాచుకోవాల్సిన రహస్యం ఏముంటుంది?

ఇక ఎంత దాచినా వినేవాడు వింటాడు కదా అనేవాళ్లున్నారు. తెలంగాణలో గత ప్రభుత్వ హయాంలో ఇంటెలిజెన్స్ విభాగంలో ఫోన్లు ట్యాప్ చేశారన్న కేసు 2024 మార్చిలో బయటపడినప్పుడు ఆ మాట మరీ ఎక్కువగా వినపడింది. వినేవాడు వింటున్నాడని తలుపులు తీసి పడుకోవక్కర్లేదు. నోటిఫికేషన్లో మెసేజ్ కనపడకుండా పెట్టుకోండి. ముఖ్యమైన చాట్లకు విడిగా తాళం వేయండి. ఊరేగింపుకో ధర్నాకో వెళ్లేటప్పుడు వేలిముద్ర తీసేసి పిన్ మాత్రమే ఉంచుకోండి. ఎవరైనా ఫోన్ అడిగితే గొంతు పెంచకుండా, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో చెప్పమనండి. రాసివ్వగలరా అనండి.

గేటు దగ్గర పనివాళ్ల ఫోటో తీయనివ్వకండి

నిరంకుశత్వం గురించి మాట్లాడేటప్పుడు అందరం పైకి చూస్తాం. ఒక్కసారి కిందికి చూడండి. నగరంలో కాస్త పెద్ద అపార్టుమెంటుకు పొద్దున్న ఏడింటికి వెళ్లి గేటు పక్కన నిలబడితే చాలు. వంటమనిషి వస్తుంది. సెక్యూరిటీ అతను ట్యాబ్ ఎత్తి పట్టుకుంటాడు. ఆమె కొంగు సర్దుకుని కెమెరాలోకి చూస్తుంది. అది గుర్తుపట్టకపోతే మళ్లీ చూస్తుంది, ఈసారి కళ్లజోడు తీసి. ఏ ఫ్లాటుకు ఎన్నింటికి వెళ్లింది, ఎన్నింటికి దిగింది, పని ఎలా చేస్తుందని ఎవరు ఎన్ని స్టార్లు ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. పోయేటప్పుడు సంచీ తెరిచి చూపాలి. ఆ యాప్‌లో ఆమె గురించి ఉన్నది చదివే వీలు ఆమెకు లేదు. తప్పు రాస్తే దిద్దించుకునే చోటు లేదు. ఎవరో ఒకరు రెండు స్టార్లిచ్చి పక్క బ్లాకులో పని పోగొడితే కారణం తెలియదు.

ఇదంతా పెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు. అసోసియేషన్ మీటింగులో చేతులెత్తి మనం పెట్టించాం, భద్రత కోసం. పదేళ్ల పిల్లలు స్కూలు బస్సు కోసం అదే గేటు దగ్గర నిలబడి ఇది రోజూ చూస్తారు. అడిగేవాడు ఒకడు, చూపించేవాడు ఒకడు అని వాళ్లకు మనం నేర్పుతున్న పాఠం అది. అందుకని వచ్చే మీటింగులో లేచి నిలబడి, ముఖం స్కాన్ తీసేయమనండి, రేటింగులు తీసేయమనండి, రిజిస్టరులో సంతకం చాలనండి. మీకు పోయేదల్లా వాట్సాప్ గ్రూపులో కాస్త మర్యాద. అది పోనివ్వండి.

ఖాళీ గడిని ఖాళీగానే వదలండి

ఫారంలో ప్రతి గడీ నింపడం మంచి పిల్లల లక్షణమని మనకు చిన్నప్పుడే నేర్పారు. నేనైతే తప్పనిసరి కానిదేదీ నింపవద్దంటాను. తెలంగాణలో జరిగింది చూస్తే ఎందుకో తెలుస్తుంది. సమగ్ర వేదిక అనే వ్యవస్థ దాదాపు 30 ప్రభుత్వ డేటాబేసులను ఒకచోట కలిపింది. వాహనం, ఇల్లు, కరెంటు మీటరు, పన్ను అన్నీ ఒక మనిషి పేరు మీద చేర్చి, ఎవరు పేదవారో ఎవరు కాదో లెక్క తేల్చడం దాని పని. 2014 నుంచి 2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసినవాడు లేడు.

హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కార్డు పోయింది. కారణం, ఆయనకు కారు ఉందని యంత్రం తేల్చింది. కారున్నది దాదాపు అదే పేరున్న మరో మనిషికి. రెండు పేర్లూ ఒకటేననుకుంది యంత్రం. బియ్యం ఆగింది. ఆయన పోయాక ఆయన భార్య, మాకు కారు లేదని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది. లేనిదాన్ని లేదని నిరూపించడం ఎట్లాగో ఎవరు చెప్తారు? 2022లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది.

ఒకచోట ఇచ్చిన వివరం అక్కడే ఉండదు. ఆటల ప్రపంచంలోనూ అంతే. ఆటగాళ్లు మాట్లాడుకునే వేదిక డిస్కార్డ్ సంగతి చూడండి. వయసు నిరూపించుకోమని అడిగితే గుర్తింపు కార్డు ఫోటోలు పంపిన దాదాపు 70,000 మంది డిస్కార్డ్ వినియోగదారుల కార్డులు, కస్టమర్ సేవలు చూసే బయటి సంస్థ ద్వారా బయటికి పోయినట్టు 2025 అక్టోబరులో ఆ కంపెనీయే చెప్పింది. బ్రిటన్‌లో అదే ఏడాది జూలై 25 నుంచి పిల్లలకు తగని సైట్లకు వయసు తనిఖీ తప్పనిసరి చేస్తే, అక్కడి కుర్రాళ్లు ‘డెత్ స్ట్రాండింగ్’ ఆటలోని పాత్ర ముఖాన్ని కెమెరాకు చూపి దాటేశారు. పిల్లలకు హాని జరగకూడదనే నేనూ కోరుకుంటాను. ఆ పేరుతో ఊరందరి ముఖాలూ పోగుచేసే తీరును మాత్రం ఒప్పుకోలేను. పోగైనదంతా రేపు ఎవరి చేతికి పోతుందో పోగుచేసినవాడికే తెలియదు.

ఆటల్లో రాజకీయం మాట్లాడనివ్వండి

‘ఆట ఆటలా ఆడుకో’ అనే మాట కన్నా మంచి మాట లేదని తల్లిదండ్రులు అనుకుంటారు. గేమ్ కంపెనీలూ అదే అంటాయి. 2019 అక్టోబరులో ‘హార్త్‌స్టోన్’ పోటీ గెలిచాక హాంకాంగ్ ఆటగాడు బ్లిట్జ్‌చుంగ్ గ్యాస్ మాస్కు పెట్టుకుని ఇంటర్వ్యూలో తన నగర విముక్తి నినాదం పలికాడు. రెండు రోజుల్లో బ్లిజర్డ్ కంపెనీ అతని బహుమతి డబ్బు ఆపేసి ఏడాది నిషేధం వేసింది. ఆ ప్రసారంలో ఉన్న ఇద్దరు వ్యాఖ్యాతల మీదా వేటు వేసింది. ఆటగాళ్లు ఊరుకోలేదు. ఖాతాలు మూసేశారు, కంపెనీ ఉద్యోగులు కొందరు బయటికొచ్చి నిలబడ్డారు. వారం తిరక్కుండా కంపెనీ డబ్బు తిరిగిచ్చి, నిషేధాన్ని ఆరు నెలలకు తగ్గించింది. ఆటను ఆటగానే ఆడుకునేవాళ్లు నోరు విప్పితే అంత జరిగింది.

మన దగ్గర దీనికి పాత చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. అలాంటి రాజ్యంలో తెలుగువాళ్లు నలుగురు కూడే చోటు ఏది? గ్రంథాలయం. 1901లో హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలుకుని ఊరూరా పుట్టిన గ్రంథాలయాల్లో కుర్రాళ్లు పేపరు చదవడానికని వచ్చి, మాట్లాడటం నేర్చుకున్నారు. రాజకీయం అని పేరు పెట్టుకున్న చోట రాజకీయం సాగనప్పుడు, చదువుకునే చోట, ఆడుకునే చోట సాగుతుంది. నిజాం అధికారులు గ్రంథాలయ వార్షికోత్సవాలను కూడా అనుమానంగా చూడటానికి కారణం అదే.

ఇప్పటి పిల్లలు కూడే చోటు స్క్వాడ్ చాట్, గిల్డ్, డిస్కార్డ్ సర్వర్. 2015లో ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి పుట్టిన డిస్కార్డ్, 2025 సెప్టెంబరులో నేపాల్‌కు సభాస్థలి అయింది. 4వ తేదీన అక్కడి ప్రభుత్వం 26 సోషల్ మీడియా వేదికలను మూసేసింది. 8న విద్యార్థులు, యువకులు వీధుల్లోకొచ్చారు. ఆ ఒక్కరోజే కాల్పుల్లో కనీసం 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశారు. ఆ తర్వాత తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలని వేలమంది యువకులు డిస్కార్డ్ సర్వర్లో వాదించుకుని, ఓట్లు వేసుకుని, మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ పేరు ముందుకు తెచ్చారు. 12న ఆమె ప్రమాణం చేశారు. మన ఆంధ్రా యాత్రికులు ఖాట్మండులో చిక్కుకుని ప్రత్యేక విమానంలో ఇల్లు చేరింది ఆ రోజుల్లోనే. నేపాల్‌లో జరిగిందంతా మంచేనని నేననను. పార్లమెంటు భవనం తగలబడింది, ప్రాణాలు పోయాయి. కాకపోతే ‘ఆ చాట్లో పిల్లలు చేసేది కాలక్షేపం’ అని కొట్టిపారేసే వీలు ఇక ఎవరికీ లేదు.

ప్రమాదం లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. సైబీరియాలోని కాన్స్క్ పట్టణంలో 2020లో ముగ్గురు పద్నాలుగేళ్ల పిల్లల్ని పట్టుకున్నారు. జైల్లో ఉన్న ఒక రాజకీయ ఖైదీకి మద్దతుగా వాళ్లు కరపత్రాలు అంటించారు. కేసులో చేరిన ఆరోపణల్లో ఒకటి, ‘మైన్‌క్రాఫ్ట్’లో రష్యా గూఢచారి సంస్థ భవనం కట్టి దాన్ని పేల్చాలని అనుకున్నారట. బ్లాకులతో కట్టిన బొమ్మ భవనం. 2022 ఫిబ్రవరిలో వాళ్లలో ఒకడికి ఐదేళ్ల జైలు పడింది. పిల్లాడి నోరు మూయించమని చెప్పడానికి దీన్ని ఉదాహరణగా వాడే తండ్రులుంటారు. నాకు తోచేది వేరు. పిల్లలు మాత్రమే మాట్లాడేచోట వాళ్లను పట్టుకుపోవడం తేలిక. పెద్దలు కూడా పక్కన కూచుని మాట్లాడేచోట అంత తేలిక కాదు. అందుకే మీ అబ్బాయి హెడ్‌సెట్ లాగేయకండి. ఏం మాట్లాడుకుంటున్నారో అడగండి, మీ మాటా చెప్పండి. అసలు పేరు, ఊరు, బడి పేరు చాట్లో చెప్పకుండా ఎలా మాట్లాడాలో నేర్పండి.

సర్కారు మీ పిల్లల ఆట ఆపితే చప్పట్లు కొట్టకండి

ఇది అన్నిటికన్నా కష్టమైన సలహా. 2021 సెప్టెంబరు 1 నుంచి చైనాలో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు ఆన్‌లైన్ ఆటలు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో మాత్రమే, అదీ రాత్రి 8 నుంచి 9 దాకా ఆడాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఈ వార్త వచ్చినప్పుడు మన దగ్గర ఎంతమంది తల్లులు ‘ఇక్కడ కూడా పెడితే బాగుండు’ అనుకున్నారో! అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పదో తరగతి పిల్లాడు రాత్రి రెండింటిదాకా ఫోన్ పట్టుకుంటే ఆ బాధ తెలుస్తుంది. కానీ ఆ నియమం అమలు కావాలంటే ప్రతి ఆటగాడూ అసలు పేరుతో నమోదు కావాలి. రాత్రిపూట పెద్దవాళ్ల ఖాతాల్లో ఆడేవాళ్లను పట్టుకోవడానికి టెన్సెంట్ కంపెనీ ముఖం స్కాన్ పెట్టింది. అంటే ఆడేది పిల్లవాడు కాదని తేల్చుకోవడానికి పెద్దవాళ్లూ ముఖం చూపించాలి. పిల్లల పేరు చెప్పి తెరిచిన తలుపు అందరికీ తెరుచుకుంటుంది.

మన దేశంలో పద్ధతి వేరు, అయినా మనకూ అడగాల్సిన ప్రశ్నలున్నాయి. 2020 సెప్టెంబరు 2న పబ్జీతో కలిపి 118 యాప్‌లను ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద నిషేధించారు. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2021 జూలైలో మొదలై, 2022 జూలై చివర్లో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఎందుకు పోయింది, ఏం మారితే తిరిగొచ్చిందన్న ఉత్తర్వును ఆడేవాళ్లకు ఎవరూ చూపలేదు. ఆ సెక్షన్ కింద చేసిన 2009 నాటి నిరోధక నియమాల్లో 16వది ఆ ఫిర్యాదులూ చర్యలూ రహస్యంగా ఉంచమంటుంది. ఇవాళ ఆట మీద పనిచేసిన ఆ నియమమే రేపు వార్తా చానల్ మీద, కార్టూన్ మీద పనిచేస్తుంది. పబ్జీ పోయినందుకు చప్పట్లు కొట్టిన చేతులు అప్పుడెలా పైకి లేస్తాయి?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి వేరని నాకు తెలుసు. ఆన్‌లైన్ రమ్మీలో అప్పులపాలైన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. అందుకే తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది. ఆ నష్టం నిజం, దాన్ని ఆపాలనుకోవడం న్యాయం. అయినా ఆ బిల్లు లోక్‌సభలో ఆగస్టు 20న, రాజ్యసభలో 21న గడిచి, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. మూడు రోజులు. మనకు నచ్చిన చట్టమైనా సరే, చర్చ ఎక్కడ జరిగిందని అడిగే అలవాటు ఉండాలి. నచ్చనిదాని దగ్గర అడగాలంటే నచ్చినదాని దగ్గర సాధన చేసి ఉండాలి.

నెట్ కట్ చేస్తే సర్దుకుపోకండి

2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో హింస జరిగింది, ఇళ్లు తగలబెట్టారు. వెంటనే మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజులు గడిచినా తెరవలేదు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్ సంచులేసుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు, పక్క ఊళ్లకు పరుగులు తీశారు. అప్పుడూ మనవాళ్లు మెచ్చుకున్నది సర్దుకుపోయినవాళ్లనే.

కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆపిన 4జీ 2021 ఫిబ్రవరిదాకా తిరిగి రాలేదు. ఏడాదిన్నర. ఆ మధ్యలో 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం స్పష్టంగా చెప్పింది: ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను ప్రకటించాలి, గడువు లేకుండా ఆపకూడదు, ఆపడానికీ అవసరానికీ పొంతన ఉండాలి. తీర్పు ఉన్నా, యాక్సెస్ నౌ సంస్థ లెక్కలో 2024లో భారత్‌లో ఇంటర్నెట్ 84 సార్లు ఆగింది. ఆ ఏడాది మనకన్నా ఒక్కటి ఎక్కువ సైనిక పాలనలోని మయన్మార్‌ది. నెట్ ఆగిన రోజున కలెక్టరాఫీసుకు వెళ్లి ఉత్తర్వు ఎక్కడ అంటించారో అడగండి. అంటించలేదంటే ఆ మాటనే రాసివ్వమని అడగండి.

పాత డిస్కులు పారేయకండి

ఇల్లు సర్దేటప్పుడు సీడీలు, హార్డ్ డిస్కులు పాత సామానువాడికి వేయమంటారు. వేయకండి. 2009 జూలైలో అమెజాన్ తన కిండిల్ కొన్నవాళ్ల యంత్రాల్లోంచి ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’ ప్రతులను దూరం నుంచే తుడిచేసింది. హక్కుల తగాదా అంది, డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. తుడిచేయగలదన్న సంగతి మాత్రం అందరికీ తెలిసిపోయింది. యూబీసాఫ్ట్ ‘ది క్రూ’ కార్ల ఆటను 2024 మార్చి 31న ఆపేస్తే, డబ్బు పోసి కొన్నవాళ్లకు అది తెరుచుకోలేదు. కంపెనీ వ్యాపారం కోసం చేయగలిగింది ప్రభుత్వం ఒక లేఖతో చేయించగలదు. మీ దగ్గరున్న ప్రతి మీ దగ్గరే ఉండనివ్వండి.

పిల్లాడికి చెక్‌పోస్టు ఆట కొనివ్వండి

ఆటలు మానిపించమనే పెద్దలకు నా మాట ఇది: ఒక ఆట కొనిపెట్టండి, పక్కన కూచుని మీరూ ఆడండి. 2013లో లూకస్ పోప్ ఒక్కడే కూర్చుని చేసిన ‘పేపర్స్, ప్లీజ్’. ఇందులో తుపాకీ పోరు కాదు ముఖ్యం, కాగితాలు. కల్పిత దేశం సరిహద్దులో చెక్‌పోస్టు గుమస్తా మీరు. ఒక్కొక్కరు కిటికీ దగ్గరికొస్తారు. పాస్‌పోర్టు తేదీ చూడాలి, ఫోటో పోల్చాలి, ముద్ర గుద్దాలి, ఆకుపచ్చదో ఎర్రదో. సరిగా చూసిన మనిషికి ఇంత అని కూలి. తప్పు చేస్తే మిషన్ నుంచి చీటీ వస్తుంది. మొదటి రెండు తప్పులకు హెచ్చరికే, తర్వాత ప్రతిదానికీ కోత. సాయంత్రం లెక్క తెర మీదికొస్తుంది: అద్దె, తిండి, చలి కాచుకునే కుంపటి. డబ్బు చాలకపోతే ఏది ఆపాలో మీరే టిక్కు తీసేయాలి. కొడుక్కి జబ్బు చేస్తుంది. మందు కొనాలి.

ఐదో రోజున ఒకతను వస్తాడు. కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ, వెనకాల వస్తున్నది నా భార్య, ఆమె మీద దయ ఉంచమంటాడు. ఆమె వస్తుంది, పాస్‌పోర్టు ఇస్తుంది, ప్రవేశ పత్రం లేదు. గడియారం తిరుగుతూ ఉంటుంది, క్యూ కదలాలి. లోపలికి పంపితే చీటీ వస్తుంది. పంపకపోతే మీ ఉద్యోగం సవ్యంగా చేసినట్టే, ఎవరూ ఏమీ అనరు.

నేను చూసిన పిల్లల్లో చాలామంది అక్కడ మౌస్ మీద చెయ్యి ఆపేస్తారు. కొందరు ఎర్రముద్ర వేసి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఏ ముద్ర వేశావని మాత్రం అడగకండి, వేసేముందు ఏమనుకున్నావని అడగండి. కోనసీమలో స్విచ్ ఆపిన ఇంజనీరు, వీధిలో ఫోన్ తిప్పిచూసిన కానిస్టేబులు, కారుందని వచ్చిన లెక్కకు రేషన్ కార్డు కొట్టేసిన గుమస్తా, వాళ్లందరికీ ఇంట్లో అద్దె, తిండి, మందులు ఉన్నాయి. ఆ సంగతి పుస్తకాలు చదివితే తెలుస్తుంది. ఈ ఆటలో ముద్ర మన చేతిలోనే ఉంటుంది.

దీనితోపాటు మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలుంటే ‘ది అన్‌సెన్సర్డ్ లైబ్రరీ’ చూపించండి. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ 2020 మార్చిలో ఆ ఆటలోనే కట్టించిన గ్రంథాలయం అది, కోటీ 25 లక్షల బ్లాకులతో. ఈజిప్టు, మెక్సికో, రష్యా, సౌదీ అరేబియా, వియత్నాం దేశాల్లో నొక్కేసిన రాతలు అక్కడ పుస్తకాలుగా దొరుకుతాయి. వెబ్‌సైట్లు మూసేసిన చోట కూడా ఆ ఆట తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ పెట్టారు.

గిట్టనివాడి కోసం ముందు మాట్లాడండి

2020 మేలో విశాఖ గ్యాస్ లీకేజీ మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టింది. అప్పుడు ఒక పార్టీవాళ్లు మండిపడ్డారు, రెండో పార్టీవాళ్లు బాగా అయిందన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. నవంబరులో ఓడిన పార్టీ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరసగా కేసులు, అరెస్టులు. బాగా అయిందన్నవాళ్లూ మండిపడినవాళ్లూ చోట్లు మార్చుకున్నారు. ఆడవాళ్ల మీద రోత రాతలు రాసినవాణ్ని వదిలేయమని నేననను, దానికి చట్టాలున్నాయి. ముఖ్యమంత్రిని విమర్శించినవాడినీ వాడినీ ఒకే గాటన కట్టినప్పుడు మాట్లాడాల్సింది ఆ ముఖ్యమంత్రికి ఓటేసినవాళ్లు. ఎదుటి పార్టీవాడు మాట్లాడితే ఎవరూ వినరు, మీరు మాట్లాడితే స్టేషన్లో కూడా ఆగి వింటారు. బంధువుల గ్రూపులో మిమ్మల్ని అవతలి పార్టీవాడివంటారు. అననివ్వండి.

కొట్టేసిన చట్టం కింద కూడా కేసులు పెట్టే దేశం మనది. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేస్తే, దాని కింద ఇంకా కేసులు నమోదవుతున్నాయని తెలిసి 2021 జూలైలో ఆ కోర్టే నివ్వెరపోయింది. కాబట్టి ఎఫ్ఐఆర్ చూసినప్పుడు సెక్షన్ నంబర్లు చదవండి, మీవాడిదైనా కానివాడిదైనా.

పనిలేకపోయినా దరఖాస్తు పెట్టండి

మీకు అవసరం పడినప్పుడు సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్చుకుందామంటే అప్పటికి చేతులు వణుకుతాయి. ఇప్పుడే ఒకటి రాయండి. మీ వీధి మూలన కొత్తగా పెట్టిన కెమెరా ఏ ఆఫీసుది, రికార్డింగు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూడొచ్చు, ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ దానికి ఉందా, ఉంటే ఏ ఉత్తర్వు కింద. ఈ నాలుగు ప్రశ్నలు తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. వ్యక్తిగత డేటా రక్షణ పేరుతో 2023లో చేసిన చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించి, వ్యక్తిగత సమాచారమని చెప్పి తప్పించుకునే దారిని వెడల్పు చేసింది. అందుకే మనుషుల పేర్లు అడగకుండా ఉత్తర్వులు, తేదీలు, నియమాలు అడగండి.

అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది అరకొరగా ఉన్నా 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా తేలకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు, దానికి 90 రోజుల గడువు. కాగితం ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేదు, క్లర్కు సెలవులో ఉన్నాడంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దరఖాస్తుకు పిన్ను పెట్టి ఉంచండి. మీ అబ్బాయిని వెంట తీసుకెళ్లండి, కౌంటర్ దగ్గర మాట్లాడేది వాడినే మాట్లాడనివ్వండి.